బడి గోడ మీద రాతలు, వంగిన ఫ్యాన్ రెక్కలు: ఇది ఒక్క మగపిల్లల పనేనా?

సోషల్_టీచర్_నల్లగొండ | శుక్రవారం, రాత్రి 8:50

నల్లగొండకు దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. బడి పేరు రాయను, పిల్లలకు ఇబ్బంది. ఈమధ్యే గదులకు రంగులు వేశారు, కొత్త బెంచీలు వచ్చాయి. దసరా సెలవుల తర్వాత తలుపు తీసి చూస్తే తొమ్మిదో తరగతి గదిలో ఫ్యాన్ రెక్కలు పైకి వంచేసి ఉన్నాయి. స్విచ్ బోర్డు పగిలింది. నీళ్ల ట్యాంకు గోడ మీద ఎర్ర ఆయిల్ పెయింట్‌తో ఒక అమ్మాయి పేరు, పక్కన బాణం గుచ్చిన గుండె బొమ్మ, దాని కింద ఇక్కడ రాయలేని మాట.

స్టాఫ్ మీటింగ్‌లో అందరిదీ ఒకటే మాట: "మగపిల్లల్ని వరసగా నిలబెట్టి గట్టిగా అడిగితే అన్నీ బయటికొస్తాయి, లేకపోతే పోలీసులకు రాసిద్దాం." నాకైతే రెండు విషయాలు మింగుడుపడలేదు. ఎవరూ కళ్లారా చూడలేదు, మరి మగపిల్లలే అని ఎలా తేల్చారు? డివైడర్‌తో బెంచీలు చెక్కింది ఆడపిల్లల వరసలో కూడా ఉంది కదా. ఇక రెండోది, గోడ మీద పేరున్న ఆ అమ్మాయి అప్పటి నుంచి బడికి రావడం లేదు. ఫ్యాన్ ఖరీదు ఎంత, బోర్డు ఖరీదు ఎంత అని లెక్కలు వేశారు గానీ ఈ పిల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

పిల్లల్లో కొందరే ఇలా ఎందుకు చేస్తారు? మగ, ఆడ తేడా ఎంత, స్వభావం ఎంత? పోలీసుల దగ్గరికి వెళ్తే ఏమవుతుంది? సోమవారం మళ్లీ మీటింగ్ ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

రైతుబిడ్డ_జడ్చర్ల | శుక్రవారం, రాత్రి 9:15

నమస్తే టీచరమ్మా. నాకు ఒక కొడుకు, ఒక బిడ్డ. బిడ్డ పాత నోట్‌బుక్‌కు కూడా అట్ట వేసి దాచుకుంటది. కొడుక్కి కొత్త సైకిల్ కొనిస్తే నెల తిరగకముందే బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. ఆ వయసులో మగపిల్లలు ముకుతాడు వేయని కోడెల్లాంటోళ్లు. ఇందులో పరిశోధన చేసేదేముంది?

సర్కారు సొమ్మంటే అందరికీ అలుసైపోయింది. మా చిన్నప్పుడు ఆ బడిలో ఫ్యాన్లే లేవు, చెట్టు కింద చదువుకున్నాం. ఇప్పుడు అన్నీ ఇస్తే విరగ్గొడుతున్నారు. ఠాణాలో ఒక పూట కూర్చోబెట్టండి, మళ్లీ గోడ దిక్కు చూడరు. నా కొడుకైనా ఇదే చెప్తా.

మనసు_కబురు | శుక్రవారం, రాత్రి 10:30

టీచర్ గారూ, నేను పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తాను, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు హాస్టళ్లకు వెళ్తుంటాను. జడ్చర్ల అన్న చెప్పిన తేడా ఉన్నదే. ఏ దేశంలో చూసినా పగలగొట్టడం, గోడలు పాడుచేయడం లాంటివాటిలో మగపిల్లలే ఎక్కువగా దొరుకుతారు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు సంగతి.

న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని పరిశోధకులు చిన్నతనం నుంచి పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. ఆ పరిశోధకుల్లో ఒకరైన టెర్రీ మోఫిట్ 1993లో ఒక సిద్ధాంతం రాశారు. దారితప్పే పిల్లలు రెండు రకాలని అందులో చెప్పారు. మొదటి రకం చాలా కొద్దిమంది. వాళ్లకు మూడు, నాలుగేళ్ల వయసు నుంచే కోపం, నిలకడలేనితనం ఉంటాయి, ఇంట్లో కూడా సమస్యలుంటాయి, పెద్దయ్యాక కూడా ఆ తీరు పోదు. రెండో రకం చాలామంది. పదమూడు, పద్నాలుగేళ్లకు మొదలుపెట్టి, చదువో ఉద్యోగమో పెళ్లో కుదిరేసరికి వాళ్లంతట వాళ్లే మానేస్తారు. ఒంటికి వయసొచ్చింది, ఊళ్లో మాత్రం ఇంకా చిన్నపిల్లాడి లెక్క చూస్తారు. ఆ మధ్యలో "నేనూ పెద్దోణ్నే" అని చూపించుకోవడానికి చేసే పనులివి.

2001లో ఇదే బృందం మగ, ఆడ తేడాను విడిగా చూసింది. మొదటి రకంలో ఒక ఆడపిల్లకు సుమారు పది మంది మగపిల్లలు. రెండో రకంలో మాత్రం ఒక ఆడపిల్లకు సుమారు ఒకటిన్నర మందే. మీ బడిలో గోడ మీద రాసినవాళ్లు, బెంచీ చెక్కినవాళ్లు చాలావరకు ఈ రెండో రకమే అయి ఉంటారు. అక్కడ ఆడపిల్లలు లేరనుకోవడానికి వీల్లేదు.

స్వభావం సంగతికొస్తే, ఇలాంటి పనులు చేసే పిల్లల్లో ఆ పరిశోధకులకు రెండు లక్షణాలు కనిపించాయి. ఒకటి, తనను తాను ఆపుకునే గుణం తక్కువగా ఉండటం. రెండు, చిన్నదానికే కోపం, అనుమానం, టెన్షన్ ముంచుకురావడం. ఈ రెండూ ఉన్న ఆడపిల్ల కూడా అవే పనులు చేస్తుంది. మగపిల్లల్లో ఈ రెండూ సగటున ఎక్కువగా ఉండటమే మగ, ఆడ తేడాలో పెద్ద భాగాన్ని వివరిస్తుందని వాళ్లు చెప్పారు. అంటే మగతనమే కారణం అనుకునే బదులు, ఏ పిల్లలో ఏ స్వభావం ఉందో చూడాలి.

మూడో గుణం థ్రిల్ కోసం వెతకడం. మార్విన్ జుకర్‌మన్ అనే సైకాలజిస్టు దీన్ని కొలవడానికి 1964లోనే ప్రశ్నావళి తయారుచేశారు. ప్రమాదంతో ఆడుకోవడం, కట్టుబాట్లు తెంచుకోవడం, ఊరికే కూర్చుంటే విసుగెత్తడం, కొత్తవి చూడాలన్న తపన అని నాలుగు పాయలుగా విడదీశారు. మొదటి మూడింటిలో మగవాళ్లు ముందుంటారు, కొత్తవి చూడాలన్న తపనలో మాత్రం పెద్ద తేడా లేదు. ఈ నాలుగో పాయే మనకు పనికొచ్చేది.

డిగ్రీ_సెకండియర్_నకిరేకల్ | శుక్రవారం, రాత్రి 11:20

అక్కా, బాగా చెప్పారు. నేను చూసింది కూడా చెప్తా. ఒక్కడే ఉన్నప్పుడు ఎవడూ గోడ మీద రాయడు. సాయంత్రం బడి అయిపోయినంక ఆడపిల్లలు బస్సెక్కి పోతారు, ఇంటి దగ్గర పని ఉంటది. మగపిల్లలు చీకటి పడేదాకా గ్రౌండ్‌లోనే ఉంటారు. క్రికెట్ అయిపోయినంక గంట, గంటన్నర ఏమీ పని ఉండదు. అప్పుడే మొదలయితది. వినాయక మండపానికి తెచ్చిన పెయింట్ డబ్బా అడుగున కొంచెం మిగిలి ఉంటది, బ్రష్ లేకపోతే కొబ్బరి పీచు కట్టి రాస్తారు. ఇద్దరు గేటు దగ్గర కాపలా, ఒకడు ఫోన్ లైటు పడతాడు.

ఒకటి గమనించండి టీచర్. గుంపులో మొనగాడు అనిపించుకునేటోడు బ్రష్ ముట్టడు. రాసేది ఎప్పుడూ గుంపులోకి కొత్తగా వచ్చినోడు, లేకపోతే "వీడితో ఏం కాదు" అని అందరూ అనేటోడు. వరసగా నిలబెట్టి అడిగితే దొరికేది కూడా వాడే.

మనసు_కబురు | శుక్రవారం, రాత్రి 11:45

తమ్ముడూ, నువ్వు చెప్పినదానికి సరిగ్గా సరిపోయే ప్రయోగం ఉంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 306 మందితో కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఆగాలా, ఇంకొంచెం ముందుకు పోవాలా అన్నదే ఆట. ఒక్కరే ఆడినప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలకు, పెద్దవాళ్లకు పెద్ద తేడా కనిపించలేదు. పక్కన స్నేహితులు కూర్చోగానే చిన్నపిల్లలు తీసుకునే రిస్కు సుమారు రెట్టింపైంది, పెద్దవాళ్లలో మార్పు లేదు. అంటే మీ గ్రౌండ్‌లో ఆ గంటన్నరను, ఆ గుంపును లెక్కలోకి తీసుకోకుండా "వాడి బుద్ధే అంత" అంటే అన్యాయం.

ఆడపిల్లలకు ఆ గంటన్నర దొరకదు కాబట్టి కూడా వాళ్లు లెక్కలో తక్కువ కనిపిస్తారు. అవకాశం లేకపోవడాన్ని మనం మంచితనం అనుకుంటున్నాం.

మిర్యాలగూడ_అమ్మాయి | శనివారం, ఉదయం 6:40

రాత్రి చదివి నిద్రపట్టలేదు, అందుకే రాస్తున్నా. మీరందరూ రాసినవాడి స్వభావం గురించి మాట్లాడుతున్నారు. రాయించుకున్న పిల్ల గురించి టీచర్ గారు ఒక్కరే అన్నారు.

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు నా స్నేహితురాలి పేరు ఊరి బస్టాప్ గోడ మీద రాశారు. పక్కన ఒక అబ్బాయి పేరు. ఆ అబ్బాయితో దానికి మాటలే లేవు. ఆ గోడ మీద సినిమా పోస్టర్లు వారం వారం మారేవి, ఈ రాత మాత్రం అలాగే ఉండేది. వాళ్ల నాన్న రోజూ ఆ బస్టాప్ మీదుగానే పాలు పోయడానికి వెళ్లేవాడు. ఎవరో ఒకరు "ఏంది మామా, బిడ్డ పేరు గోడకెక్కింది" అనేవారు. పరీక్షలు రాయనిచ్చారు కానీ ఇంటర్‌కు పంపలేదు. మేనబావతో సంబంధం ఖాయం చేశారు. బడిలో చెప్తే "నువ్వు ఏదో అవకాశం ఇచ్చి ఉంటావ్" అని దాన్నే తిట్టారు. రాసినవాడెవరో ఊళ్లో అందరికీ తెలుసు. వాణ్ని ఎవరూ ఏమీ అనలేదు, "పిల్లగాడు, తెలియక చేశాడు" అన్నారు.

ఆకతాయితనం అని ఒక్క గంపలో వేయకండి. ఫ్యాన్ రెక్క వంచడం వేరు, ఒక పిల్ల పేరు గోడకెక్కించడం వేరు. ఫ్యాన్‌కు పదిహేను వందలో రెండు వేలో పెడితే కొత్తది వస్తుంది. ఆ పిల్ల ఇంటికి మీలో ఎవరైనా వెళ్లారా టీచర్?

సోషల్_టీచర్_నల్లగొండ | శనివారం, ఉదయం 7:05

ఇంకా వెళ్లలేదమ్మా. ఈరోజు బడి అవ్వగానే తెలుగు టీచర్‌ను తోడు తీసుకుని వెళ్తున్నాను.

వకీలు_పాలమూరు | శనివారం, ఉదయం 9:30

చట్టం సంగతి అడిగారు కాబట్టి చెప్తున్నాను.

పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లంతా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కిందికి వస్తారు. "ఠాణాలో ఒక పూట కూర్చోబెట్టడం" అనేది ఆ చట్టం ఒప్పుకోదు. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లోపు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. ఘోరమైన నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమో అయితే తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టరు. ఠాణాలో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇంటి పరిస్థితులపై నివేదికతో బోర్డుకు పంపాలని 2016 మోడల్ రూల్స్ చెప్తున్నాయి.

అలాగని ఇది చిన్న విషయమని కూడా అనుకోవద్దు. సర్కారు బడి ఫ్యాన్ కూడా ప్రజల ఆస్తే. 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టంలో పెద్దవాళ్లకు ఐదేళ్ల దాకా జైలు ఉంది. పిల్లల విషయంలో మాత్రం బోర్డు మందలించి పంపొచ్చు, కౌన్సెలింగ్‌కు పంపొచ్చు, సమాజ సేవ చేయించొచ్చు, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించొచ్చు. ఆ రికార్డు ముందు ముందు వాళ్ల చదువుకో ఉద్యోగానికో అడ్డం రాకూడదని కూడా చట్టంలోనే ఉంది.

మిర్యాలగూడ అమ్మాయి చెప్పింది చాలా ముఖ్యం. అమ్మాయి పేరు పెట్టి బూతు రాయడం ఆస్తి నష్టంతో ఆగదు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాటలకు భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ ఉంది. ఆ అమ్మాయి మైనర్, ఆ రాతలో లైంగికమైన ఉద్దేశం ఉంటే పోక్సో, అంటే లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే చట్టం కూడా వర్తించవచ్చు. ఇంకొకటి, ఆ గోడ ఫొటో ఎవరైనా వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉంటే వెంటనే తీయించండి. బాధితురాలైన పిల్ల వివరాలు బయటపెట్టడం కూడా జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. టీచర్లకు మినహాయింపేమీ లేదు.

సోషల్_టీచర్_నల్లగొండ | శనివారం, ఉదయం 9:42

స్టాఫ్ గ్రూపులోనే ఉంది సార్ ఆ ఫొటో. ఇప్పుడే హెడ్‌మాస్టర్ గారికి ఫోన్ చేసి తీయిస్తున్నాను.

రైతుబిడ్డ_జడ్చర్ల | శనివారం, ఉదయం 10:10

వకీలు సాబ్, అయితే నష్టం ఎవరు భరించాలె? ఏదీ అనకుండా వదిలేస్తే మిగతా పిల్లలు ఏం నేర్చుకుంటరు? అమ్మాయి పేరు రాసినోణ్ని మాత్రం నేను ఊరుకోమనను. నాకూ బిడ్డ ఉంది.

కండక్టరన్న_దేవరకొండ | శనివారం, మధ్యాహ్నం 1:20

డ్యూటీ మధ్యలో రాస్తున్నా. బస్సులో జరిగేది చెప్తా. వెనక సీట్ల రెక్సిన్ బ్లేడుతో కోసేది మగపిల్లలే, అందులో అనుమానం లేదు. కానీ ముందు సీట్ల వీపు మీద పెన్నుతో, వైట్‌నర్‌తో రాసేది ఆడపిల్లలు. పేర్లు, పూలు, ఎవరో టీచర్ మీద రెండు లైన్లు. కోసిన సీటు మీద డిపోలో రిపోర్టు రాస్తారు. పెన్ను రాతలు తుడిచేస్తారు, ఎవరూ రాసుకోరు. రికార్డులో మగపిల్లల పనే కనిపిస్తుంది.

గొడవ పెట్టుకోకుండా నేనొక పని చేస్తా. వెనక గుంపులో ఎక్కువ మాట్లాడేవాణ్ని పేరుతో పిలిచి, "తమ్ముడూ, దిగేటోళ్లను చూస్తుండు, రైట్ చెప్పు" అంటా. ఆ ట్రిప్పులో సీటు జోలికి ఎవరూ పోరు.

కోటలు_గుళ్లు | శనివారం, మధ్యాహ్నం 3:00

బడి గోడకు మళ్లీ రంగు వేయొచ్చు. నా బాధ రాళ్ల గురించి, చెట్ల గురించి.

పాలమూరు పిల్లలమర్రి చూడండి. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటాం. కొమ్మలెక్కి ఊగారు, బెరడు మీద పేర్లు చెక్కారు. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడితే 2017 చివర్లో లోపలికి రానివ్వడం ఆపేశారు. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు మందు ఎక్కించారు. చెదలు పిల్లలు తేలేదు, నిజమే. కానీ బెరడు చీల్చిన ప్రతి చోటా పురుగుకు దారి దొరుకుతుంది.

పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం మన నల్లగొండకు ఆనుకునే ఉంది. రోజంతా శివలింగం మీద ఒకే నీడ పడేలా కట్టిన గుడి. కుందూరు చోళుల నాటి ఆ రాతిపని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. భువనగిరి కోట మెట్ల దారిలో, దేవరకొండ కోట ద్వారాల దగ్గర, కోయిల్‌కొండ గుట్ట మీద చూస్తే జంట పేర్లు, తేదీలు. ఈ రాతల్లో పెద్దవాళ్ల చేతులు కూడా ఉన్నాయి, అంతా టీనేజీ పిల్లల మీద వేయడం సరికాదు.

అలంపూర్ గుళ్ల లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల మీద రాస్తే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వర్తిస్తుంది. మొదట మూడు నెలలు, ఐదు వేలు ఉన్న శిక్షను 2010 సవరణలో రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా పెంచారు. రాష్ట్ర కట్టడాలకు 2017 నాటి తెలంగాణ హెరిటేజ్ చట్టం ఉంది. దయచేసి ఒకటి గుర్తుపెట్టుకోండి: రాతి మీద పెయింట్ కనిపిస్తే మీరే థిన్నర్ పోసి రుద్దకండి. రంగు కరిగి రాతి లోపలికి దిగుతుంది. శాఖవాళ్లకు చెప్పండి.

రిటైర్డ్_హెచ్చెమ్ | శనివారం, సాయంత్రం 5:15

అమ్మా, ముందు ఆ రాత చెరిపేయండి, దొంగ దొరికేదాకా ఆగకండి. సాక్ష్యానికి ఒక ఫొటో హెడ్‌మాస్టర్ దగ్గర ఉంటే చాలు. రాత ఉన్నన్నాళ్లూ ఇంకో రాతకు పిలుపే. నెదర్లాండ్స్‌లో గ్రోనింగన్ ఊళ్లో కీస్ కైజర్ బృందం చేసిన ప్రయోగం 2008లో వెలువడింది. సైకిళ్లు పెట్టే సందులో గోడ శుభ్రంగా ఉన్నప్పుడు, హ్యాండిల్‌కు కట్టిన కరపత్రాన్ని నూటికి 33 మంది కింద పడేశారు. అదే గోడ మీద పిచ్చి గీతలు గీసి పెడితే 69 మంది పడేశారు. వాళ్లు పెద్దవాళ్లు, పిల్లలు కూడా కారు.

రెండో మాట ఆడపిల్లల గురించి. నేను పనిచేసిన రోజుల్లో ఒక బాలికల హాస్టల్‌లో గోడల నిండా బొగ్గుతో రాతలు కనిపించాయి. అందరూ పిల్లల్ని తిట్టారు. రాతలు చదివితే తెలిసింది: "పప్పులో పురుగులు", "బాత్రూముకు గడియ లేదు". ఎవరూ చెవిన వేసుకోని ఫిర్యాదు గోడకెక్కింది. గడియ వేయించాం, భోజన కమిటీలో ఇద్దరు పిల్లల్ని పెట్టాం. తర్వాత గోడలు శుభ్రంగా ఉన్నాయి. మగపిల్లలు తమ గొప్ప చూపించుకోవడానికి రాస్తారు, ఆడపిల్లలు ఎక్కువగా కోపం చెప్పుకోవడానికి రాస్తారని నా అనుభవం. ఇద్దరికీ ఒకటే మందు పనిచేయదు.

మనసు_కబురు | శనివారం, సాయంత్రం 6:00

సార్, మీ అనుభవానికి ఒక చిన్న చేర్పు. కోపంతో పగలగొట్టే మగపిల్లలూ ఉన్నారు, థ్రిల్ కోసం చేసే ఆడపిల్లలూ ఉన్నారు. డునెడిన్ పిల్లల మీదే 1993లో ఇంకో సంగతి బయటపడింది. తోటివాళ్లకంటే ముందే రజస్వల అయిన ఆడపిల్లలు, మగపిల్లలు కూడా చదివే బడిలో ఉంటే కట్టుబాట్లు ఎక్కువ దాటారు. అలాంటి పిల్లలే ఆడపిల్లల బడిలో ఉంటే అంతగా దాటలేదు. వాళ్ల ఒంట్లో వచ్చిన మార్పు ఒకటే, చుట్టూ ఉన్న గుంపు వేరు.

టీచర్ గారూ, మీకు తొమ్మిదో తరగతి పిల్లలు బాగా తెలుసు. వాళ్లను మగ, ఆడ అని విడదీయకుండా ఇలా ఆలోచించండి. కొందరికి ఊరికే కూర్చుంటే ఒళ్లంతా దురద, వాళ్లకు పని కావాలి. కొందరు గుంపులో చోటు కోసం ఏదైనా చేస్తారు, వాళ్లకు వేరే చోట గుర్తింపు కావాలి. కొందరి కోపానికి ఇంట్లోనో బడిలోనో కారణం ఉంటుంది, వాళ్లతో విడిగా కూర్చోవాలి. ఒకరో ఇద్దరో చిన్నప్పటి నుంచీ కొట్లాటలు, దొంగతనాలు, బడి ఎగ్గొట్టడాలతో ఉంటారు. వాళ్ల ఇంటికి వెళ్లండి, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి సాయం అడగండి. అందరికీ ఒకే బెత్తం వాడితే ఈ చివరి ఇద్దరు ఇంకా గట్టిపడతారు, మిగతావాళ్లు వాళ్లను హీరోలుగా చూస్తారు.

డ్రాయింగ్_సార్_వనపర్తి | శనివారం, రాత్రి 8:10

ఇందాక అక్క "కొత్తవి చూడాలన్న తపనలో తేడా లేదు" అన్నారు చూడండి, నాకు అక్కడ మనసు నిలిచిపోయింది. డ్రాయింగ్ క్లాసులో నేను రోజూ చూసేది అదే.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో గోడలన్నీ స్ప్రే పెయింట్ పేర్లతో నిండిపోతే 1984లో అక్కడి మేయర్ విల్సన్ గూడ్ ఒక పథకం మొదలుపెట్టారు. జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి ఆ పిల్లల దగ్గరికే వెళ్లి, వాళ్ల చేతే గోడల మీద పెద్ద బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ ఊరు కుడ్యచిత్రాలకు పేరు పొందింది. న్యూయార్క్‌లో లేడీ పింక్ అనే పేరుతో ఒక అమ్మాయి 1979 నుంచి రైళ్ల మీద బొమ్మలు వేసింది. అప్పుడామెకు పదిహేనేళ్లు. అంతా మగపిల్లల గుంపులే ఉన్న చోట నిలబడి, తర్వాత పేరున్న చిత్రకారిణి అయింది. ఆడపిల్లలకు ఆ తెగువ ఉండదనేవాళ్లు ఆమె సంగతి తెలుసుకోవాలి.

ఇక మీ ట్యాంకు గోడ. ఆయిల్ పెయింట్ మీద నేరుగా సున్నం గానీ డిస్టెంపర్ గానీ వేయకండి, పొట్టు లేచిపోతుంది, ఎరుపు మళ్లీ బయటికొస్తుంది. ముందు ఎమరీ పేపర్‌తో గరుకుగా రుద్దించండి, ఒక కోటు ప్రైమర్ వేసి ఆరనివ్వండి, తర్వాత రంగు. వంగిన ఫ్యాన్ రెక్కల్ని సుత్తితో సరిచేయించకండి. బరువు సమానంగా పడక ఫ్యాన్ ఊగుతుంది, కింద పిల్లలుంటారు. మూడు రెక్కలూ ఒకే సెట్టుగా మార్పించండి.

డిగ్రీ_సెకండియర్_నకిరేకల్ | శనివారం, రాత్రి 8:30

సార్, బొమ్మలు వేయించడం మంచిదే. కానీ పెయింట్ పూసినోడికి బహుమతి ఇచ్చినట్టు కాకూడదు. గోడ ఖరాబు చేస్తే బొమ్మ వేసే చాన్స్ వస్తదని మిగతావాళ్లు అనుకుంటరు. ముందు రుద్దే పని వాళ్లు చేయాలె, బొమ్మ అందరూ వేయాలె.

మిర్యాలగూడ_అమ్మాయి | శనివారం, రాత్రి 8:40

ఆ అమ్మాయి పేరున్న గోడను మాత్రం పిల్లల చేత రుద్దించకండి. పది మంది చుట్టూ నిలబడి ఆ పేరు మళ్లీ చదువుతారు. అది రేపు ఆదివారం, ఎవరూ లేనప్పుడు పెద్దవాళ్లే చెరిపేయాలి.

సోషల్_టీచర్_నల్లగొండ | ఆదివారం, రాత్రి 7:30

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాం. వాళ్లమ్మ తలుపు దగ్గరే నిలబడి "బడి మానిపిస్తాం టీచరమ్మా, పరువు పోయింది" అన్నది. ఇది మీ బిడ్డ తప్పు కాదు, బడి తప్పు అని చెప్పాను. మా గోడ మీద రాశారంటే కాపాడాల్సింది మేమే. ఫొటో తీయించిన సంగతి, చట్టం ఏం చెప్తుందో కూడా వివరించాను. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, ఇస్తానంటే తోడు వస్తానన్నాను. వాళ్ల నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, చివరికి "రాత పోయిందా?" అని ఒక్కటే అడిగాడు.

ఈరోజు పొద్దున హెడ్‌మాస్టర్ గారు, నేను, అటెండర్ కలిసి ఎమరీ పేపర్‌తో రుద్ది ప్రైమర్ వేశాం. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. రేపు ఆయనే పిల్లను సైకిల్ మీద తీసుకొస్తానన్నాడు.

రేపటి మీటింగ్‌లో నేను అడగబోయేవి: వరసగా నిలబెట్టి అడగడం ఉండదు. ఫ్యాన్, బోర్డు ఎవరు చేశారో చెప్పుకోవడానికి వారం గడువు, చెప్పినవాళ్ల తల్లిదండ్రులతో హెడ్‌మాస్టర్ గదిలోనే మాట్లాడతాం, ఖర్చులో కొంత వాళ్లు భరించాలి, బెంచీలకు ఎమరీ పట్టే పని వాళ్లే చేయాలి. జడ్చర్ల అన్నా, మీరు అడిగిన "నష్టం ఎవరు భరించాలె"కు ఇదే నా జవాబు. అమ్మాయి పేరు రాసిన విషయం విడిగా, ఆ కుటుంబం నిర్ణయం ప్రకారం నడుస్తుంది. దాన్ని ఫ్యాన్‌తో కలపనివ్వను. సాయంత్రం గ్రౌండ్‌లో ఆ గంటన్నరకు పీఈటీ సార్‌ను ఒప్పించాలి, ఆయన ఊరు దూరం, అది కష్టమే. ఆడపిల్లల టాయిలెట్ గడియలు ఈ వారంలోనే చూస్తాను. రిటైర్డ్ సార్ చెప్పాక వెళ్లి చూస్తే రెండింటికి లేవు.

వనపర్తి సార్, ట్యాంకు గోడ తెల్లగా ఉంది. మీరు రాగలరా?

రైతుబిడ్డ_జడ్చర్ల | ఆదివారం, రాత్రి 7:55

మంచి పని చేసినవ్ టీచరమ్మా. ఆ తండ్రిని తలుచుకుంటే కడుపులో దేవినట్టయింది. రంగుల ఖర్చుకు నా తరఫున వెయ్యి రూపాయలు పంపుతా, కాదనొద్దు.

డ్రాయింగ్_సార్_వనపర్తి | ఆదివారం, రాత్రి 8:20

వచ్చే శనివారం వస్తాను మేడమ్. అప్పటికి ప్రైమర్ బాగా ఆరుతుంది. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ తెల్లది ఒక బకెట్, అందులో కలిపే రంగు సీసాలు (స్టెయినర్లు) ఎరుపు, పసుపు, నీలం, నలుపు తెప్పించి పెట్టండి. బ్రష్‌లు నా దగ్గర ఉన్నాయి. బొమ్మ ఏది వేయాలో నేను చెప్పను, పిల్లలే కాగితం మీద వేసి తేవాలి. మగపిల్లలు పైన, ఆడపిల్లలు కింద రంగు కలపడం అని పంచకండి. నిచ్చెన ఎవరెక్కాలో పేర్లు చీటీలు వేసి తీద్దాం.